బ్యాంకుకు చేసిన మర్యాద

మా నాన్న సత్తయ్య గద్వాలలో ముప్పై ఏళ్లుగా ఒకే సేటుకు చీరలు నేస్తున్నాడు. నూలు సేటుది, పట్టు సేటుది, జరీ సేటుది. మగ్గమూ నడుము నొప్పీ మాత్రం మావి. అక్క పెళ్లికి కొంత, నానమ్మ దవాఖానాకు కొంత, మగ్గం గుంటలోకి వాన నీళ్లు దిగి పని ఆగిపోయిన ఏడాది తిండికి కొంత, ఇలా తెచ్చుకున్నదంతా అడ్వాన్సు అనే పేరుతో పెరిగి పెరిగి అరవై వేల దగ్గర ఆగింది. అది తీరేదాకా ఇంకొకరికి నేయకూడదు. కూలి పెంచమని గట్టిగా అడగనూ కూడదు. అడిగితే సుధాకర్ సేటు కోప్పడడు. సరే సత్తయ్యా, ముందు మన లెక్క చూసుకుందామా అని నవ్వుతాడు. నాన్న తల గోక్కుంటూ ఇంటికొచ్చి మళ్లీ గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు.

ఇక చాలనుకున్నది అమ్మ. అమ్మ పేరు జోగమ్మ. పొద్దంతా మగ్గానికి నూలు కండెలు చుడుతుంది, మాట్లాడేది తక్కువ. వచ్చే దసరాకు సేటు బాకీ మొత్తం ఒక్కసారే కట్టేసి బయటపడాలని పట్టుబట్టింది. కొంచెం కొంచెంగా కడితే లాభం లేదు, నాలుగు రోజులకు ఏదో అవసరం వచ్చి అదే డబ్బు మళ్లీ అడ్వాన్సుగా ఇంటికి వస్తుంది. అందుకని చీటీ ఎత్తిన పైసలూ, చీర చీరకూ దాచినవీ కలిపి నలభై ఐదు వేలు నా పేరు మీద బ్యాంకులో డిపాజిట్ వేయించింది. నాన్న పేరు మీద ఉంటే ఎవరు చేబదులు అడిగినా కాదనలేడని ఆమె భయం. మిగతా పదిహేను వేలు ఏడాదిలో ఎట్లాగో కూడబెట్టాలని లెక్క.

ఆ డబ్బు మీద నా లాప్‌టాప్ వచ్చి పడింది.

అప్పుడు నేను వనపర్తిలో హాస్టల్లో ఉండి బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. దుకాణాల వాళ్లకు జీఎస్టీ లెక్కలు చూసిపెట్టే ఆఫీసు ఒకటి మధ్యాహ్నాలు పని ఇస్తానంది. లాప్‌టాప్ మాత్రం మనదే ఉండాలట. పని దొరికితే గాని లాప్‌టాప్ కొనలేను, లాప్‌టాప్ ఉంటే గాని పని దొరకదు. దుకాణంలో అడిగితే క్రెడిట్ కార్డు ఉంటే నెలకింత చొప్పున ఏడాదిలో కట్టుకోవచ్చన్నారు. సంపాదన లేని స్టూడెంట్‌కు క్రెడిట్ కార్డు ఎవడిస్తాడని అడిగితే, అందరూ ఇస్తారని నవ్వారు.

నిజంగానే అందరూ ఇచ్చేలా ఉన్నారు. మా కాలేజీ గేటు పక్కన గొడుగు కింద టేబుల్ వేసుకుని శ్రవణ్ కుమార్ అనే ఏజెంటు కూర్చునేవాడు. ఏ బ్యాంకు కార్డు కావాలన్నా అతని దగ్గర ఉంటుంది. పేరు రాసుకుంటే ఒక బ్యాగు ఫ్రీ. నా రూమ్మేట్ మనీషా గద్వాల పక్క ధరూర్ పిల్ల, బ్యాగు కోసమే పేరు రాయించుకుంది. ఆ బ్యాగు జిప్పు వారానికే ఊడిపోయింది, ఫోన్లు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి. నేను అన్నీ చదివాకే తీసుకుంటానని కాగితాలు హాస్టల్‌కు తెచ్చుకున్నాను. ఒక కార్డు ఉంటే విమానాశ్రయంలో మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టి టిఫిన్ పెడతారట. నేనెక్కేది ఎర్రబస్సు. ఇంకొకటి పెట్రోలు మీద డబ్బు మిగులుస్తుందట. నాన్నకు ఉన్నది సైకిలు. మూడోది మొదటి ఏడాది ఉచితం, రెండో ఏడాది నుంచి ఎంతో చెప్పడానికి చీమ తలకాయంత అక్షరాలు వాడారు. రోజూ క్లాసులయ్యాక ఈ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే తల దిమ్మెక్కేది. లాభాలన్నీ పెద్ద అక్షరాల్లో ఎందుకున్నాయో, వడ్డీ మాత్రం ఎందుకు దాక్కుందో తెలుసుకోవడానికి బీకాం చదవక్కరలేదు. అయినా నేను చదివాను. వడ్డీ నెలకు చెబుతారు, ఏడాదికి లెక్క కడితే గుండె ఆగుతుంది.

పైగా ఆ కార్డులకు ఆదాయం చూపించాలి. దానికీ శ్రవణ్ కుమార్ దగ్గర మందుంది. నాన్నకు సొంత చీరల వ్యాపారం ఉందని రాసేద్దాం అన్నాడు. మా నాన్న వ్యాపారం సంగతి వినగానే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. కాగితాలు తిరిగి ఇచ్చేశాను.

చివరికి మా డిపాజిట్ ఉన్న బ్యాంకులోనే దారి దొరికింది. డిపాజిట్‌ను తాకట్టుగా ఉంచుకుని, దానికి కొంచెం తక్కువ మొత్తానికి కార్డు ఇస్తారు. ఏడాది ఫీజు లేదు, ఆదాయం చూపించక్కర్లేదు. నెలనెలా బిల్లు మొత్తం కట్టేస్తే డిపాజిట్ మీద ఈగ కూడా వాలదు, పైగా దాని వడ్డీ దానికి వస్తూనే ఉంటుంది. కట్టకపోతే మాత్రం అందులోంచి కోసుకుంటారు. నాలాంటి దానికి ఇంతకంటే నప్పే కార్డు లేదని తేల్చుకున్నాను. ఆ తేల్చుకోవడంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను.

ఇంటికెళ్లి చెబితే నాన్న మగ్గం ఆపి నా వైపు తిరిగాడు. తర్వాత అడిగాడు.

"మన పైసలు వాళ్ల తాన పెట్టి, వాళ్ల తాన మనమే అప్పు తెచ్చుకునుడా? గిదేం లెక్క బిడ్డా?"

నాకు తెలిసినంతలో విడమరిచి చెప్పాను. రెండోసారి చెప్పాను. అమ్మ కండె చుడుతూనే ఒకే మాట అడిగింది, దసరాకు ఆ డబ్బు చేతికొస్తుందా అని. వస్తుందన్నాను. అయితే తీసుకోమంది. అలా ఒప్పుకున్నాక నాన్న ఒక షరతు పెట్టాడు. ఆడపిల్ల పేరు మీద బాకీ ఉంటే దాన్ని కట్టేది తండ్రేనట. నేను జీతంలోంచి డబ్బు పంపాలి, ఆయన నెలనెలా బ్యాంకుకు వెళ్లి చేత్తో కట్టి రసీదు తెచ్చుకుంటాడు. ఫోన్లో కడితే ఎవరి చేతికి పోయిందో ఏం తెలుస్తుంది అంటాడు. నా బ్యాంకు ఖాతా స్కాలర్‌షిప్ కోసం చిన్నప్పుడు తెరిచింది కాబట్టి మెసేజ్‌లన్నీ ఎటూ ఆయన ఫోన్‌కే వస్తాయి. నెంబరు మార్చాలంటే ఇంకో రోజు లైన్లో నిలబడాలి. అప్పటికే బస్సుల్లో తిరిగి, ఫారాలు నింపి, ఆయనతో వాదించి నాకు ఓపిక అయిపోయింది. సరేనన్నాను.

ఆ ఏడాది ఎలా గడిచిందో నాకే సరిగా తెలియదు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి ఆఫీసులో ఎవరెవరివో అమ్మకాలూ కొనుగోళ్లూ. రాత్రి కళ్లు మూసుకున్నా అంకెలే కనిపించేవి. జీతం రాగానే బిల్లు డబ్బు పూర్తిగా నాన్నకు పంపేదాన్ని. నాలుగు రోజులకు ఫోన్ చేసేవాడు. "కట్టిన బిడ్డా" అనేవాడు. ఆ మాటతో నా నెల ముగిసేది.

దసరా దగ్గర పడింది. లాప్‌టాప్ కిస్తీలు అయిపోయాయి. కార్డు మూసేసి డిపాజిట్ తీసుకుందామని గద్వాలకు వచ్చి, నాన్నను తీసుకుని బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్న నవ్య మేడం కంప్యూటర్ వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ కంప్యూటర్ వైపు చూసింది. మొదటి నెల నుంచి ఒక్కసారి కూడా బిల్లు మొత్తం కట్టలేదట. ప్రతి నెలా కొంచెం తక్కువ. తక్కువైనందుకు జరిమానా, జరిమానా మీద పన్ను, మిగిలిన దాని మీద వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ వడ్డీ. ఇప్పుడు డిపాజిట్‌లోంచి తీసుకోవడం తప్ప దారి లేదంది. నా పేరు మీద మచ్చ కూడా పడిందట, ఇంకొన్నేళ్లు ఏ బ్యాంకూ నాకు అప్పివ్వకపోవచ్చట.

ఫోన్లు చేయలేదా అని అడిగాను. చేశారట. రాసి పెట్టిన దాన్ని చదివి వినిపించింది: ఖాతాదారు తండ్రి మాట్లాడారు, మేము ఎక్కడికీ పోము, ఉంటాము అని చెప్పారు. ప్రతి నెలా అదే జవాబు. నవ్య మేడంకు నవ్వొచ్చింది గాని నా మొహం చూసి ఆపుకుంది.

బయట మెట్ల మీద కూర్చున్నాను.  నాన్న నా పక్కనే ఎండలో నిలబడి టవల్‌తో మెడ తుడుచుకుంటున్నాడు. తాగాడేమో, ఎవరికైనా ఇచ్చాడేమో, ఏదైనా రోగం దాచాడేమో అని నా బుద్ధి ఎటెటో పోయింది. ఎందుకిట్ల చేసినవ్ నాయినా అని అడిగాను.

ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు.

"మొత్తం కడితే తెంపుకున్నట్టు గాదా బిడ్డా?" అన్నాడు. "రేపు నీకేమన్న అక్కెర పడితే మల్ల వాళ్ల మొహం ఎట్ల చూస్తవ్? జరంత ఉంచితే, వీళ్లు మనోళ్లే, యాడికి పోరు అని వాళ్లకు ఉంటది."

అప్పుడు తెలిసింది. మా వీధిలో దసరాకు సేటుతో లెక్క చూసుకుంటారు, కానీ ఎవరూ అడ్వాన్సు మొత్తం తీర్చరు. చేతిలో ఉన్నా తీర్చరు. ఎంతో కొంత మిగిల్చి లేస్తారు. అది బాకీ కాదు, మర్యాద. మొత్తం తీర్చినవాడు ఇక రాను అని మొహం మీద చెప్పినట్టు. నేను పుట్టి పెరిగింది ఆ వీధిలోనే, అయినా ఆ మర్యాద బ్యాంకు దాకా నడిచి వెళుతుందని నాకు తట్టలేదు. బీకాంలో ఇది చెప్పరు.

ఆయన తన మాటను నాకు ఎక్కించడానికి మగ్గం సంగతి ఎత్తాడు. "చీర కోస్తం గని, పడుగు పోగుల కొసలు గుంజి పారేస్తమా? మగ్గం అచ్చుల జర ఉంచుతం. దానికే గద కొత్త పడుగు అతికేది. మొత్తం తీసేస్తే మల్ల ఒక్కొక్క పోగు మొదటికెల్లి ఎక్కియ్యాలె."

నాకు కోపం వచ్చింది, చాలా వచ్చింది. ఆ కోపాన్ని ఆయన మీద పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు. పెద్దనాన్న భీమయ్య సంగతి నాకు తెలుసు. చీరలు బాగా పోయిన ఒక ఏడాది ఆయన మీసం మెలేసి సేటు బాకీ పైసాతో సహా తీర్చేశాడు. మరుసటి ఏడాది పెద్దమ్మను కర్నూలు దవాఖానాలో చేర్పించాల్సి వచ్చింది. అడ్వాన్సు అడిగితే సేటు టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, మన లెక్క అయిపోయింది కద భీమయ్యా అన్నాడట. పెద్దమ్మ దక్కలేదు. పెద్దనాన్న మగ్గం అమ్మేసి హైదరాబాదులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. అప్పటి నుంచి నాన్నకు సున్నా అంటే భయం.

బ్యాంకు వాళ్లు ఫోన్లో గట్టిగా అరిచేవారు కదా, అనుమానం రాలేదా అని అడిగాను. సేటు గుమాస్తా కూడా అట్లనే అరుస్తడు గద అన్నాడు. మరి నెలనెలా తక్కువ కట్టిన డబ్బు ఏమైందంటే, ఎక్కడికీ పోలేదనీ, డబ్బాలో వేస్తున్నాననీ, అవి నావేననీ చెప్పాడు. డబ్బు ఇంట్లోనే ఉంది. వడ్డీ మాత్రం బ్యాంకులో పెరిగింది. ఇంతకంటే తెలివితక్కువ అప్పు ప్రపంచంలో ఎవరూ చేసి ఉండరని అనుకున్నాను, కానీ అంత మర్యాదైన అప్పు కూడా ఎవరూ చేసి ఉండరు.

బ్యాంకు తన లెక్క తాను కోసుకుంది. కార్డును నవ్య మేడం నా ముందే కత్తెరతో రెండు ముక్కలు చేసింది. ఇంటికొచ్చి ఉన్నదంతా కలిపాం. డిపాజిట్‌లో మిగిలింది, అమ్మానాన్నలు ఏడాదంతా దాచింది, నా దగ్గర ఉన్నది. అరవైకి నాలుగు వేలు తక్కువ. అమ్మ వెళ్లి కండెల ముందు కూర్చుంది. అమ్మ ఏమీ అనకపోతే ఇంట్లో అన్నం కూడా సహించదు. డబ్బా మాట నాన్న ఎత్తలేదు. అది నా డబ్బు కాబట్టి ఎత్తలేదేమో అనుకుని, నేను ఎత్తబోతే అమ్మ కళ్లతోనే వద్దంది.

దసరా ముందు రోజు పొద్దున నాన్న మగ్గం మీది చివరి చీర కోసి మడత పెట్టాడు. ఒళ్లంతా ఆవపువ్వు రంగు నూలు, అంచు వంగపండు రంగు పట్టు. దాన్నీ, మిగిలిన నూలునూ, డబ్బునూ తీసుకుని ముగ్గురం సేటు ఇంటికి వెళ్లాం. సేటు తెల్లటి పరుపు మీద కూర్చుని ఉన్నాడు. ముందు చీర అంచు వేలితో రాసి చూసి బాగుందన్నాడు. తర్వాత డబ్బు చూశాడు. తర్వాత నాన్నను చూశాడు. టీ తెప్పించాడు. ఆ టీ చూడగానే నాన్న పరుపు దగ్గర నుంచి వెనక్కి జరిగాడు.

నాలుగు వేలు తక్కువ ఉన్నాయని నాన్నే చెప్పాడు. చెప్పి నేల చూపులు చూశాడు. సేటు చేయి ఊపాడు.

"ఉండనీ సత్తయ్యా. నాలుగు వేలకేముంది, మనం మనం. ఎల్లుండి వచ్చి పడుగు తీస్కపో."

అప్పుడు నేను నాన్న మొహం చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. పరీక్ష వాయిదా పడిందని తెలిసిన పిల్లాడి మొహం అది. ఏడాదంతా నేను ఎవరెవరి లెక్కలో చూసి, అమ్మ వేళ్లు పగిలేలా కండెలు చుట్టి, చివరికి తెంపుకుందామని వచ్చింది దీన్నే. అది తెగనందుకు ఆయన ఊపిరి పీల్చుకుంటున్నాడు. నాకు ఏడుపు రాలేదు. అక్కడే గోడకు ఆనుకుని కళ్లు మూసుకోవాలనిపించింది, అంతే.

అమ్మ కొంగు ముడి విప్పింది. మడతలు పడిన నోట్లు, నాలుగు వేలు. డబ్బాలో ఏడాదిగా నలిగినవి. వాటిని పరుపు అంచున, సేటు చేతికి అందేలా పెట్టింది.

"బ్యాంకుకు తక్కువ కట్టి దాచినవు గద, అవ్వే ఇవి," అంది నాన్నతో. ఆయన వైపు చూడకుండానే అంది. తర్వాత సేటుతో, "లెక్క కొట్టేయండి" అంది.

సేటు నవ్వు ఆగలేదు గాని కొంచెం సన్నబడింది. భీమయ్య సంగతి గుర్తుంది కద జోగమ్మా, రేపు ఏదన్న అవసరం పడితే ఎట్ల అని అడిగాడు. అడగడంలో ప్రేమ కూడా ఉంది, అదే బాధ. ముప్పై ఏళ్లలో ఆయన మమ్మల్ని ఒక్క చెడ్డ మాట అనలేదు.

"పడితే చూస్తం సేటూ," అంది అమ్మ. "ఇప్పటికైతే అలిసిపోయినం."

ఆయన పుస్తకం తెప్పించి గీత కొట్టాడు. మా టీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు. లేచేటప్పుడు నాన్న అలవాటు కొద్దీ, వస్త సేటూ అన్నాడు. అని మళ్లీ అక్కడే ఆగిపోయాడు, ఆ మాట వెనక్కి తీసుకోవాలా వద్దా తెలియనట్టు. సేటు తల ఊపి తలుపు దాకా వచ్చాడు.

వీధిలో అన్ని ఇళ్ల నుంచీ మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. పండగ ముందు ఎవరూ ఆపరు. చేనేత సొసైటీ వాళ్లు నూలు ఇస్తామన్నారు, పండగ వెళ్లాక రమ్మన్నారు. అప్పటిదాకా మా మగ్గం మీద ఏమీ ఉండదు. నేను పుట్టిన తర్వాత అది ఖాళీగా ఉండటం ఇదే మొదటిసారి కావచ్చు. నాన్న మా ఇద్దరికంటే రెండడుగులు వెనక నడుస్తున్నాడు. ఇంటి ముందుకొచ్చాక అడిగాడు.

"మరి రేపు పొద్దుగాల లేసి ఏం జెయ్యాలె?"

కోపంగా కాదు. నిజంగా తెలియకే అడిగాడు. అమ్మ తాళం తీస్తూ, "లెవ్వకు" అంది.

మరుసటి రోజు పండగ. వాకిట్లో ఎండ గడప దాటి లోపలికి వచ్చినా నాన్న లేవలేదు. నోరు కొంచెం తెరుచుకుని, ఒక చేయి మంచం కిందికి వేలాడేసి పడుకున్నాడు. ఇంత పొద్దెక్కాక ఆయన పడుకుని ఉండటం నేనెప్పుడూ చూడలేదు. భయమేసి, వెళ్లి ఛాతీ కదులుతోందో లేదో చూసి వచ్చాను. పూలు గుచ్చుతూ కూర్చున్నా మనసు నిలవక ఇంకోసారి వెళ్లాను. అప్పటికే అమ్మ మంచం పక్కన నిలబడి, చేతిలో చీపురుతో, ఊపిరి పీల్చకుండా అదే చూస్తోంది.